డాక్టర్‌గారి ఊళ్లో ఓ శనివారం

'ఎవరైనా ఫోన్ ముట్టుకున్నారో... చూసుకోండి!'

నైట్‌డ్యూటీ ముగించుకుని వచ్చిన మా అక్క, వేసుకున్న కోటైనా విప్పకుండా గుమ్మంలో నుంచే చేసిన హెచ్చరిక ఇది. అది 2025 ఏప్రిల్ 12, శనివారం. వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో అప్పుడు ఉదయం ఎనిమిదిన్నర. అంటే, ఆమె నెలల తరబడి ఎదురుచూస్తున్న 'డాక్టర్ హూ' కొత్త సిరీస్ తొలి భాగం ఐప్లేయర్‌లోకి వచ్చి సరిగ్గా అరగంట. ప్రపంచంలో సగం మంది అభిమానులు ఈపాటికి చూసేస్తూ ఉంటారు. అక్క మాత్రం చూడదు. సాయంత్రం బీబీసీ వన్‌లో వచ్చేదాకా ఆగాల్సిందే. శనివారం సాయంత్రం, టీవీ ముందు, ఇంట్లో అందరూ కలిసి... ఇరవై ఏళ్లుగా ఆమె పాటిస్తున్న ఆచారం అది.

'మామయ్యా, ఈరోజు అమ్మతో జాగ్రత్త' అంది మేనకోడలు నవ్వుతూ. పదహారేళ్ల పిల్ల. పుట్టింది కార్డిఫ్‌లోనే. మాట్లాడేది గుంటూరు తెలుగే అయినా చివర్లో వేల్స్ వాళ్ల రాగం వినపడుతుంది.

అక్క రెండు ముద్దలు తిని పడుకోబోతూ నా చేతిలో ఓ కాగితం పెట్టింది. వెనక్కి తిప్పితే ఆసుపత్రి డ్యూటీల పట్టిక. ముందువైపు ఆమె చేతిరాతలో నాలుగు పేర్లు. 'రెండు గంటలు దాటాక బే దగ్గరికి వచ్చేస్తా. ఈలోపు మొదటి రెండూ చూసి రా. వరస తప్పకు' అంది.

నేను పెద్దమ్మ పంపిన గోంగూర పచ్చడి సీసాలు నిన్ననే ఇచ్చేశాను. ఆవిడ పంపిన ప్రశ్న మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది. గుంటూరులో ఆ పాత ఇల్లు అమ్మేయమంటావా, ఉంచమంటావా? ఉంచితే, నువ్వు ఎప్పటికైనా వస్తావా? డెబ్బై నాలుగేళ్ల మనిషి ఫోన్లో అడగలేక నాతో అడిగించిన మాట. ఈ హడావుడిలో అడగడం ఎలా? సరే, ముందు ఊరు చూద్దామని బయల్దేరాను.

ఇంతకీ ఎవరీ డాక్టర్?

మనకు 'ఆదిత్య 369' ఉంది కదా. టైం మెషీన్ ఎక్కి కృష్ణదేవరాయల కాలానికీ, అక్కడినుంచి భవిష్యత్తులోకీ వెళ్లిన సినిమా. అలాంటి ప్రయాణం ప్రతివారం ఉంటే? అదే 'డాక్టర్ హూ'. డాక్టర్ అంటే వైద్యుడు కాదు. వేరే గ్రహం మనిషి. పేరేంటో ఎవరికీ తెలియదు. అందుకే 'హూ'. ఆయన వాహనం పేరు టార్డిస్. బయటికి చూస్తే ఓ నీలిరంగు చెక్కపెట్టె. ఒకప్పుడు బ్రిటన్ వీధుల్లో పోలీసులకు కబురు చేయడానికి ఫోను పెట్టిన గదులు ఉండేవి. అచ్చం అలాగే ఉంటుంది. తలుపు తీసి లోపలికి అడుగుపెడితే మాత్రం బయటికన్నా ఎన్నో రెట్లు పెద్దది! ఎక్కడికి వెళ్తే అక్కడి వస్తువులా మారిపోవాల్సిన ఆ యంత్రం మొదట్లోనే చెడిపోయి, ఆ పెట్టె రూపంలోనే ఉండిపోయిందన్నమాట.

ఈ కథ మొదలైంది 1963 నవంబరు 23న. అంతకు ముందురోజే అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్య జరిగింది. జనమంతా ఆ వార్తల్లో ఉండిపోవడంతో మరుసటి వారం మొదటిభాగాన్ని మళ్లీ వేసి, ఆ తర్వాతే రెండోది వేశారు. దాని దర్శకుడు ఎవరనుకున్నారు? లక్నోలో పుట్టిన వారిస్ హుస్సేన్. అప్పటికి ఆయన వయసు 24 ఏళ్లు. ప్రముఖ రచయిత్రి అతియా హుస్సేన్ కొడుకు. నిర్మాత వెరిటీ లాంబర్ట్ కూడా ఇరవైల్లో ఉన్న అమ్మాయే. బీబీసీ నాటక విభాగంలో ఆడవాళ్లు నిర్మాతలుగా లేని రోజులవి. ఓ కుర్ర భారతీయుడు, ఓ కుర్ర నిర్మాత కలిసి మొదలుపెట్టిన కథ అరవై ఏళ్లు దాటినా ఇంకా నడుస్తోంది.

అన్నేళ్లు ఒకే నటుడు ఎలా చేస్తాడు? చేయడు. అక్కడే ఉంది కిటుకు. 1966లో మొదటి డాక్టర్ విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం దెబ్బతింది. కథ ఆపేయకుండా రచయితలు ఓ ఉపాయం ఆలోచించారు. ఈ గ్రహాంతరవాసి చావు దగ్గరపడినప్పుడు వెలుగుగా మారి కొత్త శరీరం తెచ్చుకుంటాడు. ముఖం మారుతుంది, స్వభావం కొంత మారుతుంది, జ్ఞాపకాలు మాత్రం అవే. మనకు దశావతారాలు తెలుసు కాబట్టి చప్పున అర్థమైపోతుంది. మనం పదితో ఆగాం. వాళ్లు 2025కి పదిహేనో డాక్టర్ దగ్గరికి వచ్చారు. రువాండాలో పుట్టి స్కాట్లాండ్‌లో పెరిగిన నటుడు షూటీ గట్వా ఆ పదిహేనోవాడు. 2018 సిరీస్ నాటికి ఓ మహిళ కూడా డాక్టర్ అయింది... జోడీ విటేకర్.

అయితే మధ్యలో పెద్ద గండి ఉంది. చూసేవాళ్లు తగ్గారని 1989 డిసెంబరులో సిరీస్ ఆపేశారు. 1996లో ఒక్క సినిమా వచ్చింది, అంతే. అంతకుముందే బీబీసీ పాత టేపుల్ని చెరిపేసి మళ్లీ వాడుకోవడంతో 1960ల నాటి భాగాలు ఎన్నో పోయాయి. ఇప్పటికీ తొంభైకి పైగా దొరకలేదు. వారిస్ హుస్సేన్ తీసిన 'మార్కోపోలో' కథ మొత్తం అలాగే మాయమైంది. కానీ శబ్దం మిగిలింది. ఎలాగంటే, ఆ రోజుల్లో పిల్లలు టీవీ ముందు టేప్‌రికార్డర్ పెట్టుకుని మాటలు రికార్డు చేసుకున్నారు. సంస్థ పారేసినదాన్ని అభిమానులు దాచిపెట్టారు. ఈ అభిమానం ఎలాంటిదో తెలియాలంటే ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

బొమ్మలు నడిచిన బజారు

కాగితంలో మొదటి పేరు: 'సెయింట్ మేరీ స్ట్రీట్ - క్వీన్స్ ఆర్కేడ్'.

కార్డిఫ్ నడిబొడ్డు చిన్నదే. లండన్ పాడింగ్టన్ స్టేషన్లో రైలెక్కితే సుమారు రెండు గంటల్లో దిగిపోవచ్చు. దారిలో సెవర్న్ నదీముఖం కింద నుంచి ఏడు కిలోమీటర్ల సొరంగం. 1886లో తెరిచిందట. అవతల తేలేసరికి బోర్డులన్నీ రెండు భాషల్లో కనిపిస్తాయి. కార్డిఫ్ కాస్తా 'కైర్‌డీద్' అవుతుంది. రోడ్డుమీద 'అరావ్' అని పెద్ద అక్షరాలుంటాయి. నెమ్మదిగా వెళ్లమని అర్థం. వేల్స్‌లో పిల్లలు పదహారేళ్లదాకా బడిలో వెల్ష్ నేర్చుకోవాల్సిందే. పక్కనే ఇంగ్లిష్ అంత పెద్దగా ఉన్నా తమ భాషని పట్టుకుని వేలాడుతున్న ఈ జనాన్ని చూస్తే నాకు ముచ్చటేసింది.

సెయింట్ మేరీ స్ట్రీట్‌లో పాతకాలపు రాతి భవనం. హోవెల్స్ అనే పెద్ద దుకాణం ఇక్కడ ఎన్నో తరాలపాటు నడిచింది. 2023లో మూతపడింది. నాలుగడుగులు వేస్తే క్వీన్స్ ఆర్కేడ్. శనివారం కదా, పిల్లల్ని వెంటేసుకున్న తల్లులూ సంచులు మోస్తున్న తండ్రులూ... మామూలు బజారు. ఇక్కడ చూసేదేముంది అనిపిస్తుంది. ఉంది. 2005 మార్చి 26న డాక్టర్ హూ పదహారేళ్ల తర్వాత మళ్లీ మొదలైనప్పుడు, తొలిభాగం 'రోజ్'లో కథానాయిక పనిచేసే లండన్ దుకాణం ఈ హోవెల్సే. దుకాణాల్లో బట్టలు తొడిగి నిలబెట్టిన బొమ్మలకు ప్రాణమొచ్చి, అద్దాలు పగలగొట్టుకుని జనం మీదపడే ఘట్టం తీసింది ఈ ఆర్కేడ్ దగ్గరే. ఆరోజు బ్రిటన్‌లో కోటి మందికి పైగా చూశారు.

ఆ కోటిమందిలో మా అక్క ఒకతి.

2004 నవంబరులో గుంటూరు నుంచి వచ్చింది. ఆ రోజుల్లో ఎన్‌హెచ్‌ఎస్‌కి నర్సులు కావాలని మన దగ్గరికొచ్చి మరీ పరీక్షలు పెట్టి తీసుకెళ్లారు. మా బంధువుల్లో విమానం ఎక్కిన మొదటి ఆడపిల్ల. ఇక్కడ శీతాకాలంలో సాయంత్రం నాలుగింటికే చీకటి. పేషెంట్లు మాట్లాడే యాస అర్థంకాదు. నర్సుల హాస్టల్లో ఓ చిన్న గది, కింద అందరికీ కలిపి ఓ టీవీ. ఫోన్‌కార్డు గీకి గుంటూరుకు చేస్తే పదినిమిషాల్లో డబ్బులు అయిపోయేవి. 'నాలుగు నెలలు రోజూ ఏడ్చానురా. మార్చి నెలాఖరుకి తిరిగి వచ్చేద్దామనే అనుకున్నా' అని ముందురాత్రి చెప్పింది.

ఆ మార్చి నెలాఖరునే, ఓ శనివారం సాయంత్రం, హాస్టల్లో ఎవరో ఈ సిరీస్ పెట్టారు. అక్క అన్నం గిన్నె పట్టుకుని అటుగా వెళ్తోంది. తెరమీద బజారు కనిపించింది. లండన్ అంటున్నారు. కానీ ఆ వీధి ఆమెకు తెలుసు! చలికోటు కొనుక్కున్న వీధి. బస్సు తప్పిపోయి వానలో నిలబడిన వీధి. 'ఏయ్, ఇది మన ఊరు!' అని అరిచిందట. అక్కడున్న వేల్స్ అమ్మాయిలు గొల్లున నవ్వి, పక్కకు జరిగి చోటిచ్చారు.

'మన ఊరు అని ఆ నోటితో అన్నది అదే మొదటిసారి' అంటుంది అక్క. తర్వాతి శనివారానికి ఆమె కోసం ఓ కుర్చీ ఖాళీగా ఉంచారు. తిరుగు ప్రయాణం వాయిదా పడింది.

ఆ సిరీస్‌ని తిరిగి లేపిన రచయిత రసెల్ టి డేవీస్‌ది ఇక్కడికి దగ్గర్లోని స్వాన్సీ. చిన్నప్పటి నుంచి ఈ డాక్టర్‌కి వీరాభిమాని. బీబీసీ వేల్స్‌లో నాటక విభాగం చూస్తున్న జూలీ గార్డ్‌నర్ కూడా తోడవడంతో, లండన్లో తీస్తారనుకున్నది కార్డిఫ్‌కి వచ్చింది.

వాన్ గో కన్నీళ్లు

రెండో పేరు: 'మ్యూజియం. మెట్ల దగ్గర కాసేపు కూర్చో'.

కార్డిఫ్ నేషనల్ మ్యూజియంలో ప్రవేశం ఉచితం. తెల్లరాతి స్తంభాలు, పైన గుండ్రటి గోపురం, లోపల విశాలమైన హాలు. వెల్ష్ అక్కచెల్లెళ్లు ఇద్దరు, గ్వెండొలిన్, మార్గరెట్ డేవీస్‌లు, తమకు బొగ్గుగనుల్లో వచ్చిన సొమ్ముతో కొన్న చిత్రాలెన్నో ఈ మ్యూజియానికి రాసిచ్చారు. వాటిలో వాన్ గో చనిపోయిన ఏడాది, 1890లో గీసిన వాన దృశ్యం కూడా ఉంది.

2010లో వచ్చిన 'విన్సెంట్ అండ్ ద డాక్టర్' భాగంలో ఈ హాలు పారిస్‌లోని ఓర్సే మ్యూజియం పాత్ర పోషించింది. బతికుండగా ఎవరూ గుర్తించని వాన్ గోని డాక్టర్ తన పెట్టెలో ఎక్కించుకుని మన కాలానికి తెస్తాడు. తన బొమ్మల ముందు జనం గుంపులు కట్టడం ఆయన కళ్లారా చూస్తాడు. ఏడుస్తాడు. వెనక్కి దింపాక... చరిత్రలో ఉన్నట్టే చనిపోతాడు. మార్పేమీ లేదు. సహచరి ఏమీ దిగులుపడిపోతే డాక్టర్ ఆమెకు నచ్చచెబుతాడు. చెడును మొత్తం తుడిచేయలేకపోయినా, ఆ మనిషి బతుకులో కొంత మంచిని చేర్చాం కదా అని.

అక్క అప్పటికి క్యాన్సర్ వార్డులో చేస్తోంది. ఆ ఏడాదే మా పెదనాన్న పోయారు. సెలవు దొరికి, టికెట్ దొరికి, గుంటూరు చేరేసరికి అన్నీ అయిపోయాయి. ఈ భాగం చూసి రెండురోజులు మాట్లాడలేదట. 'నా ఉద్యోగం కూడా అంతేరా. అందర్నీ బతికించలేం. ఉన్న రోజుల్ని కాస్త తేలిక చేయగలం. ఆ ముక్క నాకు నర్సింగ్ కాలేజీలో ఎవరూ చెప్పలేదు, ఆ పిచ్చి సీరియల్ చెప్పింది' అంటుంది.

చెప్పినట్టే కాసేపు కూర్చున్నాను. బడిపిల్లల గుంపు ఒకటి వచ్చింది. ఓ కుర్రాడు నేలమీద పాకుతూ 'ఎక్స్‌టర్మినేట్' అని గొంతు మార్చి అరిచాడు. టీచరు కోప్పడింది. అది డాలెక్‌ల అరుపు. లోహపు గుల్లల్లో దాక్కుని కనిపించినవాళ్లనల్లా చంపేసే జీవులు. 1963 డిసెంబరులో తొలిసారి కనిపించి పిల్లల్ని సోఫాల వెనక దాక్కునేలా చేశాయి. వాటిని సృష్టించిన రచయిత టెర్రీ నేషన్ కూడా కార్డిఫ్ బిడ్డే!

బొగ్గు పోయి నీళ్లొచ్చె...

మూడో పేరు: 'బే'. రెండుంపావుకు అక్క నీటిగోపురం దగ్గర నిలబడి ఉంది. నాలుగుగంటల నిద్రతో ఎర్రబడిన కళ్లు. మెడలో మాత్రం పొడవాటి రంగురంగుల మఫ్లర్. నాలుగో డాక్టర్ టామ్ బేకర్‌ది అలాంటిదేనట. ఓ పేషెంట్ అల్లి ఇచ్చిందట.

ఇప్పుడు అందమైన సరస్సులా కనిపించే ఈ కార్డిఫ్ బే ఒకప్పుడు బొగ్గురేవు. 1913లో కార్డిఫ్ రేవుల నుంచి కోటి టన్నులకు పైగా బొగ్గు ఎగుమతైంది. సోమాలియా నుంచి, యెమెన్ నుంచి, వెస్టిండీస్ నుంచి వచ్చిన ఓడ కార్మికులు ఇక్కడే కాపురాలు పెట్టారు. టైగర్ బే అనే ఆ పేటలోనే గాయని షిర్లీ బాసీ పుట్టింది. తర్వాత బొగ్గుకి గిరాకీ పడిపోయింది. రేవులు ఎండిపోయాయి. 1978లో పక్కనున్న ఈస్ట్‌మూర్స్ ఉక్కు కర్మాగారం కూడా మూతపడింది. పోటు తగ్గితే బురద తప్ప ఇంకేమీ కనిపించని చోటుగా మిగిలింది. 1999లో సముద్రానికి అడ్డంగా బ్యారేజీ కట్టడం పూర్తిచేసి, 500 ఎకరాల మంచినీటి సరస్సు చేశారు. 2004లో వేల్స్ మిలీనియం సెంటర్, 2006లో అసెంబ్లీ భవనం తెరిచారు.

సరిగ్గా ఆ సమయంలోనే డాక్టర్ కూడా తిరిగొచ్చాడు! 2005 జూన్‌లో వచ్చిన 'బూమ్ టౌన్' భాగంలో నీలిపెట్టె దిగింది మేం నిలబడ్డ ఈ గచ్చు మీదే. రోల్డ్ డాల్ ప్లాస్ అంటారు దీన్ని. పిల్లల రచయిత రోల్డ్ డాల్ కూడా ఇక్కడివాడే మరి. కథ ప్రకారం కార్డిఫ్ కింద కాలంలో ఓ పగులు ఉంది. డాక్టర్ తన యంత్రానికి ఇంధనం నింపుకోవడానికి అప్పుడప్పుడూ ఇక్కడ ఆగుతాడు. 'ఈసారి లండన్ అని అబద్ధం చెప్పలేదు. కార్డిఫ్‌ని కార్డిఫ్ అనే చూపించారు. మా వార్డులో ముసలోళ్లు ఎంత పొంగిపోయారో!' అంది అక్క. 2006లో ఇక్కడే 'టార్చ్‌వుడ్' అనే పిల్ల సిరీస్ మొదలైంది. డెబ్బై అడుగుల ఈ ఉక్కు గోపురం కిందే వాళ్ల రహస్య స్థావరం. గోపురం ఒంటిమీద నీళ్లు ఎప్పుడూ పలచగా జారుతూ ఉంటాయి. దాన్ని చేత్తో తడిమి ఫొటో దిగేవాళ్లు మేమున్న పావుగంటలోనే నలుగురైదుగురు వచ్చారు.

కాస్త కిందికి దిగితే మెర్మెయిడ్ క్వే. చెక్కల గోడ నిండా కాగితాలు, ఫొటోలు, ప్లాస్టిక్ పూలు, రిబ్బన్లు. ఎవరిదో సమాధి అనుకున్నా. పేరు చూస్తే ఇయాంటో జోన్స్. 'టార్చ్‌వుడ్'లో 2009లో చనిపోయిన పాత్ర! అసలు లేని మనిషికి అభిమానులు కట్టిన స్మారకం. పదిహేనేళ్లు దాటినా కొత్త ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. నాకు నవ్వొచ్చింది. అక్కకి రాలేదు.

'నవ్వుతావేంరా? మన ఊళ్లో సినిమా కటౌట్లకి పాలు పోస్తే లేనిది, ఓ కాగితం ముక్క అంటిస్తే తప్పా? ఇవి రాసినవాళ్లలో చాలామంది తమ దుఃఖాలే రాసుకున్నారు. చదువు' అంది. చదివాను. నిజమే. ఓ కాగితంలో తమ్ముడి పేరుంది, ఇంకోదాంట్లో తల్లి పేరు. ఇంకేం మాట్లాడతాను?

సరస్సు అవతలి ఒడ్డున 'డాక్టర్ హూ ఎక్స్‌పీరియన్స్' అనే ప్రదర్శన ఉండేది. 2012లో తెరిచి 2017లో మూసేశారు. మేనకోడలి ఐదో పుట్టినరోజు అక్కడే చేశారట. టార్డిస్ తలుపు తీసి 'లోపల పెద్దది కాదేంటమ్మా' అని ఏడ్చిందట ఆ పిల్ల. ఆ పక్కనే రోత్ లాక్ స్టూడియోలు. 2011 చివర్లో తెరిచాక చాలా ఏళ్లు సిరీస్ అక్కడే తీశారు. 2023 నుంచి వస్తున్న భాగాలకు వుల్ఫ్ స్టూడియోస్ వేదికైంది. అదీ కార్డిఫ్‌లోదే. అందులోకి సందర్శకుల్ని రానివ్వరు. అయినా ఈ ఊళ్లో తాళం వేసిన గేటుకి అవతల ఎక్కడో ఓ నీలిపెట్టె ఉందన్న నమ్మకం చాలు అభిమానులకి.

టీవీ ముందు గుంటూరు

సాయంత్రం. బావ బజ్జీలు వేశాడు. ఫోన్లన్నీ బుట్టలో పడేశారు. పక్కింటి వెల్ష్ ముసలాయన తన కుర్చీ తనే తెచ్చుకున్నాడు. ఆయన 1963లో మొదటిభాగం చూసినవాడట, ఏడేళ్ల వయసులో. మ్యూజిక్ మొదలైంది. ఆ వణికించే బాణీని రాన్ గ్రైనర్ కూర్చితే, డెలియా డెర్బీషైర్ అనే ఆమె 1963లో వాయిద్యాల బదులు టేపు ముక్కలు కత్తిరించి అతికించి తయారుచేసింది. ముసలాయన కళ్లు మూసుకున్నాడు.

కొత్త సిరీస్ మొదటిభాగం, 'ద రోబోట్ రివల్యూషన్'. డాక్టర్‌కి ఈసారి కొత్త సహచరి. పేరు బెలిండా చంద్ర. లండన్లో నర్సు! ఆ పాత్ర వేసింది కేరళలో పుట్టి ఇంగ్లాండ్‌లో పెరిగిన వరదా సేతు. ఎప్పుడో ఓ ప్రియుడు ఆమె పేరు పెట్టిన నక్షత్రం నుంచి రోబోలు దిగి ఎత్తుకుపోతాయి. ఇంతకుముందు సహచరులు డాక్టర్‌తో ఊళ్లు తిరగడానికి ఎగిరి గంతేసేవారు. బెలిండా వేయదు. డాక్టర్‌నే నిలదీస్తుంది. తనకు కావాల్సింది ఒక్కటే... ఇల్లు. 2025 మే 24న భూమ్మీద దింపమంటుంది. ఆ పెట్టె మాత్రం అక్కడికి వెళ్లనంటుంది.

నేను తెర వైపు చూడటం మానేసి అక్కని చూస్తున్నాను. ఆసుపత్రి దృశ్యం రాగానే ముందుకు జరిగి కూర్చుంది. చివర్లో ఇల్లు అన్న మాట రాగానే మఫ్లర్ కొనతో కళ్లు తుడుచుకుంది. 2018లో 'డీమన్స్ ఆఫ్ ద పంజాబ్' వచ్చి మన దేశ విభజన కథ చూపించినప్పుడు కూడా ఆమెకు సంతోషమేసింది. కానీ ఇది వేరు. 'ఇరవై ఏళ్లుగా ఆ పెట్టె తలుపు తెరుచుకుంటే చూస్తున్నా. ఈరోజు మన రంగు పిల్ల, నా పని చేసే పిల్ల ఎక్కింది. ఎక్కి ఏమంది? ఇంటికి తీసుకెళ్లమంది' అని నవ్వింది, ఏడుస్తూనే.

అడగాల్సిన సమయం అదే అనిపించింది. అడగలేకపోయాను.

అలలు మింగే తీరం

కాగితంలో చివరి పేరు: 'సదర్న్‌డౌన్. నేనే తీసుకెళ్తా'. మర్నాడు మట్టల ఆదివారం. చర్చి అయ్యాక అందరం కారెక్కాం. కార్డిఫ్‌కి పడమరగా, పొలాల మధ్య సన్నటి దారులు దాటితే డన్‌రేవెన్ బే. పొరలు పొరలుగా, పుస్తకాలు పేర్చినట్టుండే సున్నపురాతి కొండలు. సెవర్న్ ముఖద్వారం దగ్గర ఆటుపోట్ల తేడా ప్రపంచంలోనే అతి పెద్దవాటిలో ఒకటి. పోటు వస్తే ఇసుక మొత్తం మాయమై గులకరాళ్లే మిగులుతాయి. మేం వెళ్లినప్పుడు ఆటు. కిలోమీటరు దూరం తడి ఇసుక అద్దంలా మెరుస్తోంది.

2006 జులైలో వచ్చిన 'డూమ్స్‌డే'లో నార్వే తీరంగా చూపించింది దీన్నే. డాక్టర్ ఒక విశ్వంలో, రోజ్ ఇంకో విశ్వంలో చిక్కుకుపోతారు. మళ్లీ కలిసే దారి లేదు. డాక్టర్ ఓ సూర్యుణ్నే మండించి, తన రూపాన్ని కొద్ది నిమిషాలపాటు ఈ ఇసుక మీదికి పంపగలుగుతాడు. ఆమె చెప్పాల్సింది చెప్పేస్తుంది. అతను చెప్పబోయేలోపు... మాట పూర్తికాకుండానే మాయమైపోతాడు.

'నా ఫోన్‌కార్డులా' అంది అక్క. 'అమ్మా, నేను... అనేలోపు బీప్ బీప్‌మనేది. ఆరోజు హాస్టల్లో అందరికంటే ఎక్కువ ఏడ్చింది నేనే. వాళ్లంతా ప్రేమకథ అనుకున్నారు.'

అప్పుడు అడిగాను, పెద్దమ్మ అడగమన్నది.

చాలాసేపు నీళ్లకేసి చూసింది. వయసైపోయిన తల్లిదండ్రుల్ని తెచ్చుకునే వీసా నిబంధనలు 2012 నుంచి ఎంత కఠినమయ్యాయో చెప్పింది. పిల్ల చదువు చెప్పింది. ఇంకా పదిహేనేళ్ల ఉద్యోగం ఉందని చెప్పింది. చివరికి అంది: 'ఇల్లు అమ్మొద్దని చెప్పు. వచ్చేస్తానని మాటిచ్చి అబద్ధం చెప్పలేను. కానీ దిగడానికి ఓ చోటు ఉండాలి. ఏటా వస్తా. మొన్నటిదాకా మూడేళ్లకోసారి వచ్చేదాన్ని కదా, ఇకనుంచి ఏటా. అది రాసిపెట్టుకోమను.'

పోటు మొదలైంది. వెనక్కి నడిచాం.

ఆ సిరీస్ మే 31న ముగిసింది. బెలిండా ఇల్లు చేరింది, ఓ చిన్నపాపకు తల్లిగా. డాక్టర్ వెలుగై మారిపోయాడు. ఆ వెలుగులోంచి నవ్వుతూ కనిపించింది ఎవరో కాదు, 2005లో రోజ్‌గా వేసిన బిల్లీ పైపర్! ఆ రాత్రి అక్క అరుపు కార్డిఫ్ నుంచి హైదరాబాద్‌కి ఫోన్ లేకపోయినా వినపడేదే. తర్వాత గుబులు పట్టుకుంది. అక్టోబరులో డిస్నీ ప్లస్ తప్పుకుందన్న వార్త వచ్చింది. 1989 మళ్లీ వస్తుందా అని అభిమానులు బెంగపడ్డారు. అయితే సిరీస్ ఆగదని, 2026 క్రిస్మస్‌కి రసెల్ టి డేవీస్ రాసే ప్రత్యేక భాగం ఉంటుందని బీబీసీ ప్రకటించడంతో ఊపిరి పీల్చుకున్నారు.

ఇక్కడే చిక్కొచ్చిపడింది. 2026 క్రిస్మస్‌కి అక్క గుంటూరు టికెట్లు తీసేసుకుంది. ఇరవై ఏళ్ల ఆచారం తప్పుతుందేమోనని నేనే అడిగాను. 'తప్పితే తప్పింది. వెనక్కొచ్చాక ఓ శనివారం సాయంత్రం చూసుకుంటా. పదహారేళ్లు ఆగారు జనం, నేను పదిరోజులు ఆగలేనా?' అంది.

పెద్దమ్మకి ఈ విషయం చెప్పాను. ఇల్లు సున్నం వేయిస్తోంది. అంతా విని, గొంతు తగ్గించి అడిగింది: 'అదిసరే గానీ... పెళ్లికి ముందు నుంచీ ఫోన్ చేసినప్పుడల్లా డాక్టరు, డాక్టరు అంటుందే. ఆయన అదే ఆసుపత్రిలోనా చేసేది? ఒకసారి ఇంటికి భోజనానికి తీసుకురమ్మను.'